జనరల్ కోటుకి వెనక చిల్లు

టాలో లేన్‌లో మిసెస్ గడ్జన్ ఇంటి వెనక మేడగది ఇవాళ్టికీ ఖాళీయే. పగలు బట్టలు ఆరేసుకుంటారు, ఉల్లిపాయలు పోసుకుంటారు. చీకటి పడితే మాత్రం — ఊహూఁ. లండన్‌లో నీడ దొరక్క వంతెన కింద పడుకునేవాడు కూడా ఆ గది పేరు చెబితే దండం పెట్టి వెళ్ళిపోతాడు.

"అందులో ఎవరిని ఎటు తిప్పి కూర్చోబెట్టినా పొద్దునకి రెండోవైపు తిరిగి ఉంటారు" అంటారు సందులో జనం. "రాత్రిళ్ళు చెక్క కిర్రుమంటుంది... మనిషి ఒళ్ళు విరుచుకున్నట్టు."

నాకీ కథ చెప్పింది మిసెస్ గడ్జన్ మేనకోడలు. ఆవిడ అబద్ధాలాడదని నేననను. ఆడితే మధ్యలో నవ్వు ఆపుకోలేదు, అంతే. ఇది చెప్పినంతసేపూ ఒక్కసారి కూడా నవ్వలేదు.

అమెరికా యుద్ధం ముగిసిన రెండో ఏడు ఆ గదిలో ఆంబ్రోజ్ టిరెల్ అనే చిత్రకారుడు దిగాడు. నలభై దాటినవాడు, ఎక్సిటర్ అనే ఊరి నుంచి వచ్చినవాడు. చెయ్యి మంచిది, జాతకమే మంచిది కాదు. ప్రతి వసంతంలో జరిగే పెద్ద ప్రదర్శనకి మూడేళ్ళు వరసగా బొమ్మ పంపాడు. మూడేళ్ళూ వెనక్కొచ్చింది — కాన్వాసు వెనక సుద్దముక్కతో ఇంటూ గుర్తు కొట్టి మరీ. ఎక్సిటర్‌లో వాళ్ళ బావకి సత్రాల బోర్డులు రాసే కొట్టుంది. "నువ్వెప్పుడొస్తే అప్పుడు పని సిద్ధం. మూడు పందుల సత్రం వాళ్ళు బోర్డు కోసం తొందరపెడుతున్నారు" అని నెలనెలా ఉత్తరం రాసేవాడు బావ. ఆ పందుల మాట చదివినప్పుడల్లా టిరెల్‌కి ఒళ్ళు మండిపోయేది. నాలుగోసారి కూడా వెనక్కొస్తే కుంచెలు మూట కట్టుకుని వెళ్ళిపోతానని, ఈ జన్మకి పందులే రాసిపెట్టి ఉన్నాయనుకుంటానని ఒట్టు పెట్టుకున్నాడు.

ఆ నాలుగోది — 'జనరల్ లిడ్గేట్ మరణం'.

గోడంత కాన్వాసు. జనరల్ అక్కగారు మిస్ డొరొతియా లిడ్గేట్ పురమాయించిన బొమ్మ. నడిమధ్య జనరల్ ఒరిగిపోయి ఉంటాడు, తల ఒక సార్జెంట్ ఒళ్ళో ఉంటుంది, కళ్ళు ఆకాశం వైపు, గుండె మీద ఎర్రటి గాయం. చుట్టూ పన్నెండు మంది ఆఫీసర్లు రుమాళ్ళతో కళ్ళొత్తుకుంటూ ఉంటారు. వాళ్ళలో ముందు నిలబడ్డది కల్నల్ వెంట్రిస్. నిజానికి ఆ రోజు ఆయన యాభై మైళ్ళ అవతల కీళ్ళవాతంతో మంచం మీద మూలుగుతున్నాడు. అయినా బొమ్మలో ముందు వరస కావాలన్నాడు, ఇచ్చారు. మనుషుల్లో ఉన్న అలవాటే అది. వీరుడు ఒక్కడే చస్తాడు, పక్కన నిలబడి ఏడవడానికి మాత్రం పోటీ!

ఆ ఏడు మార్చి నెలలో మిస్ లిడ్గేట్ స్వయంగా ఒక మూట తెచ్చింది. అందులో జనరల్ చనిపోయిన రోజు వేసుకున్న కోటు ఉంది. ఎర్ర ఉన్ని బనాతు కోటు, బంగారు అంచు. చూసి వెయ్యమని తెచ్చింది పాపం.

టిరెల్ కోటు విప్పి వెలుగులో పట్టుకున్నాడు. ముందువైపు చెక్కుచెదరలేదు. వెనక్కి తిప్పాడు. ఎడమ భుజం కింద... వేలు పట్టేంత చిల్లు.

"మేడమ్... చిల్లు వీపున ఉందే?"

"ఉంటే?"

"అంటే, గుండు..."

"మా తమ్ముడు ఎవరికీ వీపు చూపించినవాడు కాదు, మిస్టర్ టిరెల్. పురుగు కొట్టేసుంటుంది. కుట్టించెయ్యండి."

పురుగు కొట్టిన చిల్లు చుట్టూ నల్లటి మరక ఉండదని టిరెల్‌కి తెలీదా? తెలుసు. కానీ వీరుడికి గాయం రొమ్ము మీదే ఉండాలని ఈ వృత్తిలో చేరిన మొదటి రోజే నేర్పుతారు. వీపున గాయం వేసిన బొమ్మని ప్రదర్శన కమిటీ గుమ్మం కూడా ఎక్కనివ్వదు. అందుకని మిసెస్ గడ్జన్ చేత వెనక చిల్లు కుట్టించేశాడు. అంతటితో ఊరుకున్నా బావుండేది. బొమ్మకి వీలుగా ఉంటుందని కత్తెర తీసుకుని, కోటు ముందువైపు గుండె దగ్గర కొత్త చిల్లు కోశాడు.

కత్తెర పెట్టినప్పుడు చేతికి చల్లగా తగిలిందని తర్వాత చెప్పాడట. మార్చి నెలలో లండన్‌లో ఎవరి చేతికి చల్లగా తగలదు గనక!

ఆ కోటుని కీళ్ళ బొమ్మకి తొడిగాడు. మనిషి గంటల తరబడి కదలకుండా కూర్చోలేడు కదా, అందుకని చిత్రకారులు నిలువెత్తు చెక్క బొమ్మ పెట్టుకుంటారు. మోకాలు, మోచెయ్యి అన్నీ వంగుతాయి. మొహం మాత్రం ఉండదు, నున్నటి కర్ర. దాన్ని బరువైన వాలుకుర్చీలో వెనక్కి వాల్చి, తనవైపు తిప్పి, తాళ్ళతో కట్టి, దీపం ఆర్పి వెళ్ళి పడుకున్నాడు.

తెల్లారి వచ్చి చూస్తే — కుర్చీతో సహా బొమ్మ అటు తిరిగి ఉంది. టిరెల్‌కి వీపు కనిపిస్తోంది.

"మిసెస్ గడ్జన్! దీన్నెవరు తిప్పారు?"

"నాకేం పనీపాటా లేదనుకున్నారా టిరెల్ గారూ? దాన్ని జరపాలంటే ఇద్దరు బొగ్గుకూలీలు కావాలి. నా నడుం సంగతి మీకు తెలీదూ?"

తెలుసు. ఆ నడుం సంగతి సందంతా తెలుసు.

మర్నాడూ అంతే. ఆ పై రోజూ అంతే. నాలుగో రోజు ఇంకో తద్దినం వచ్చిపడింది. కాన్వాసు మీద జనరల్ రొమ్మున వేసిన గాయం లేదు! ఎవరో టర్పెంటైన్ గుడ్డతో శుభ్రంగా తుడిచేశారు. మిగతా బొమ్మ జోలికి పోలేదు. కల్నల్ వెంట్రిస్ రుమాలు కూడా మడత చెదరలేదు. కోటు వీపున వేసిన కుట్టు దారం దారంగా ఊడి వేలాడుతోంది.

"మళ్ళీ కుట్టాలా?" అంది మిసెస్ గడ్జన్.

"కుట్టండి."

"రెండోసారి నాయనా. మా ఆయన మేజోళ్ళు కూడా రెండోసారి కుట్టలేదు నేను."

అలా రెండు వారాలు. పొద్దున లేవడం, కీళ్ళ బొమ్మని ఇటు తిప్పుకోవడం, గాయం మళ్ళీ వెయ్యడం, తెల్లారేసరికి మళ్ళీ మొదటికి రావడం. టిరెల్‌కి తల ప్రాణం తోకకొచ్చింది. తలుపుకి తాళం వేశాడు. పిల్లిని అనుమానించాడు. పక్క సందులో ఉండే తోటి చిత్రకారుడి మీద కేకలేసి వచ్చాడు. ఆయన మంచాన పడి నెలరోజులైందని తెలిసి సిగ్గుపడి క్షమాపణ చెప్పొచ్చాడు. ప్రదర్శనకి బొమ్మ అందించాల్సింది శుక్రవారం. ఆ వారం మంగళవారం పొద్దున మళ్ళీ గాయం లేకపోవడం చూసి కుంచె నేలకేసి కొట్టాడు.

"ఏం పాపం చేశాను రా బాబూ నేను!" అని పెద్దగా అరిచేశాడు.

అప్పుడు గదిలో ఉన్నది సార్జెంట్ బార్నబీ హాక్ ఒక్కడే. జనరల్ లిడ్గేట్ పటాలంలోవాడే. మిస్ లిడ్గేట్ ఎక్కడో వెతికి పంపించింది. బొమ్మలో జనరల్ తల ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తున్న సార్జెంట్ ఇతనే. మోకాళ్ళ మీద గంటలు గంటలు కూర్చునేవాడు. బీరు ఇస్తే తాగేవాడు, చల్లటి మాంసం పెడితే తినేవాడు. ఆ రోజు ఏం జరిగిందని అడిగితే మాత్రం ఒకటే మాట. "చాలా పొగ, దొరా."

"నువ్వే చెప్పు హాక్. ఇది దెయ్యమా, మనిషా?"

హాక్ తన బూట్లకేసి చూసుకున్నాడు. "ఆ గాయం వెయ్యడం మానేస్తే సరిపోతుందేమో దొరా..."

"గాయం లేకుండా ఎలా చచ్చాడంటావ్? పడిశంతోనా?"

హాక్ మోకాళ్ళ దుమ్ము దులుపుకున్నాడు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి టిరెల్ తేల్చుకుందామనుకున్నాడు. కీళ్ళ బొమ్మని తనవైపు తిప్పి, కొత్త తాడుతో నాలుగు ముళ్ళు వేశాడు. గాయం తాజాగా దిద్దాడు. పొయ్యి కెలికే ఇనప చువ్వ చేత పట్టుకుని తెర వెనక కూర్చున్నాడు. పక్కన చల్లారిపోయిన మాంసం రొట్టె. దీపం ఆర్పేశాడు.

చర్చి గంట పదకొండు కొట్టింది... పన్నెండు కొట్టింది...

పైకప్పు అద్దంలోంచి వెన్నెల సన్నగా పడుతోంది. బొమ్మ మొహం — మొహం లేని ఆ కర్ర — తెల్లగా కనిపిస్తోంది. తనకేసే ఉంది. వీధిలో కుక్క ఒకటి మొరిగి ఆగిపోయింది.

మబ్బు అడ్డొచ్చింది. గది చీకటైపోయింది.

కిర్ర్...

టిరెల్ చువ్వ బిగించి పట్టుకున్నాడు.

కిర్ర్... ర్... నేల మీద బరువైనదేదో మెల్లిగా జరుగుతోంది. ఒక్క అడుగు చప్పుడు లేదు. చెక్క చప్పుడే. తర్వాత అదీ లేదు.

మబ్బు తొలగింది. బొమ్మ వీపు అతనికేసి ఉంది. నాలుగు ముళ్ళూ వేసినవి వేసినట్టే ఉన్నాయి. గదిలో ఇంకెవరూ లేరు.

లేచి పారిపోదామంటే గుమ్మం బొమ్మకి అవతల ఉంది. అప్పుడు... మెట్ల మీద అడుగులు. ఈసారి మనిషి అడుగులే. ఒక మెట్టు, ఒక ఆగు. ఇంకో మెట్టు. తలుపు తాళంలో ఏదో గుచ్చుకుంది, తిరిగింది. ఒక పొడుగాటి ఆకారం లోపలికి వచ్చింది. బొమ్మ దగ్గర ఆగి నిటారుగా నిలబడి చెయ్యెత్తి సెల్యూట్ చేసింది. తర్వాత కాన్వాసు దగ్గరికి నడిచి జేబులోంచి గుడ్డ తీసింది.

గుప్పుమని టర్పెంటైన్ వాసన.

"హాక్!"

గుడ్డ కింద పడింది.

"నువ్వా... నువ్వా! నా నోట్లో మట్టి కొట్టడానికి నీకు నేనే దొరికానా? బీరు పోశానే! మాంసం పెట్టానే!"

"మెల్లిగా, దొరా," అన్నాడు హాక్ గొంతు తగ్గించి. "ఆయన వింటాడు."

"ఎవరు వినేది?"

హాక్ బొమ్మకేసి గడ్డం ఎగరేశాడు. టిరెల్ ఒక అడుగు ఇవతలికి జరిగాడు.

"ఎందుకు చేశావ్? ఆ ముక్క చెప్పు ముందు."

హాక్ వంగి గుడ్డ తీసుకున్నాడు. తర్వాత, బొమ్మ వీపుకేసి చూస్తూనే, గుసగుసగా మొదలుపెట్టాడు.

"ఏటి రేవు దగ్గర రెండొందల మందిమి దొరా మేము. అవతలి ఒడ్డు నుంచి కాల్పులు మొదలయ్యాయి. మేం... పరిగెత్తాం."

"అంటే, వెనక్కి తగ్గారు."

"తగ్గడం కాదు. తుపాకులు పారేసి పరుగు. అందరికంటే ముందు నేను. సార్జెంట్‌నే. నన్ను చూసి మిగతావాళ్ళు."

"జనరల్?"

"ఆయనొక్కడే నిలబడ్డాడు. శత్రువుకేసి కాదు — మాకేసి తిరిగాడు. టోపీ తీసి ఊపుతూ అరిచాడు. 'ఎక్కడికిరా పోతున్నారు? ఆగండ్రా!' అని. నేను ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాను. ఆయన నన్నే చూస్తున్నాడు. పేరు పెట్టి పిలిచాడు. అప్పుడే తగిలింది. వెనక నించి."

టిరెల్ చువ్వ కింద పెట్టాడు.

"తర్వాత నువ్వెళ్ళి ఒళ్ళో పెట్టుకున్నావు..." అన్నాడు టిరెల్, ఆ మాట తనకే నమ్మకం లేకుండా.

"ఎవరూ వెళ్ళలేదు దొరా. మర్నాడు మధ్యాహ్నానికి వెళ్ళి తెచ్చారు. రాత్రంతా ఆయనొక్కడే." హాక్ ముక్కు తుడుచుకున్నాడు. "మీరేమో నా చేత ఏడిపించారు, ఆయన తల నా ఒళ్ళో పెట్టారు. రోజూ అలా మోకాళ్ళ మీద కూర్చుంటే ఆ రేవే కళ్ళముందు... గాయం ముందుకి తెచ్చారు. మేం చేసిన పాపం అంతా ఆ చిల్లులోనే కదా ఉంది. దాన్ని కుట్టేశారు."

టిరెల్ తల పట్టుకున్నాడు. "ఈ మాట నెల కిందటే చెప్పి చావొచ్చుగా!"

"వీపున ఎందుకు తగిలిందో చెప్పాలంటే, ఎదురుగా ఎవరున్నారో చెప్పాలి కదా దొరా."

ఆ మాట నిజమేనని టిరెల్‌కి తెలుసు. అయినా కోపం దిగలేదు.

"సరే. గాయం తుడిచావు, దారం లాగావు. బొమ్మని కూడా తిప్పాలా? మంత్రం నేర్చుకున్నావా ఏంటి, గదిలోకి రాకుండానే తిప్పేశావ్?"

హాక్ అతనికేసి తిరిగాడు. వెన్నెల్లో అతని మొహం పాలిపోయి ఉంది.

"నేను తిప్పలేదు దొరా. నా నడుంతో నేనేం తిప్పుతాను? రోజూ నేనొచ్చేసరికి తిరిగే ఉండేది. మీరే అలా పెట్టి వెళ్తున్నారనుకున్నా... తర్వాత, ఆయన నాకు ఆర్డరేస్తున్నాడనుకున్నా. అందుకే గుడ్డ తీశాను."

ఇద్దరూ బొమ్మకేసి చూశారు. ఇద్దరిలో ఎవరూ దాని దగ్గరికి పోలేదు.

చివరికి టిరెలే కదిలాడు. భయం లేక కాదు, ఒళ్ళు మంట భయాన్ని మింగేసింది. రెండు వారాలుగా తన ప్రాణం తీస్తున్నది ఇటు చూడకుండా అటేం చూస్తోందో తెలుసుకోవాలనిపించింది. గోడ పట్టుకుని, చుట్టూ తిరిగి, బొమ్మకి ఎదురుగా, గుమ్మం వైపు వెళ్ళి నిలబడ్డాడు.

మొహం లేని కర్ర అతన్ని చూసింది. నువ్వు కూడా పోతున్నావా అని అడిగినట్టే ఉంది.

"ఓరి దేవుడా," అన్నాడు టిరెల్. "వీపు చూపిస్తున్నాడని తిట్టుకుంటున్నా ఇన్నాళ్ళూ. కాదు... పారిపోయేవాళ్ళకేసి మొహం తిప్పుతున్నాడు."

ఆ మాట అన్నాక ఇక నిద్రేముంది? బుధవారం, గురువారం ఉన్నాయి చేతిలో. అంత కాన్వాసు మళ్ళీ వెయ్యడం ఎవడి తరం? పన్నెండు మంది ఆఫీసర్లని చెరిపి కొత్త యుద్ధం వెయ్యడానికి పన్నెండు వారాలు కావాలి. టిరెల్ జుట్టు పీక్కున్నాడు, గదిలో పచార్లు చేశాడు, హాక్‌ని తిట్టాడు, తన్ను తాను తిట్టుకున్నాడు. అప్పుడు హాక్ రోజూ అనే మాట గుర్తొచ్చింది. చాలా పొగ.

బూడిదరంగు పెద్ద కుంచెతో తీసుకుని ఆఫీసర్ల మీద పొగ కమ్మేశాడు. ముందుగా పోయింది కల్నల్ వెంట్రిస్. రుమాలు, ఏడుపు, కీళ్ళవాతంతో సహా పోయాడు. సార్జెంట్ మొహం దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. బాగా వచ్చిన మొహం అది, మొత్తం బొమ్మలో అదొక్కటే బాగా వచ్చింది.

"నా మొహం ఎవరైనా వెయ్యడం అదే మొదలు దొరా," అన్నాడు హాక్. "అందుకే దాన్ని తుడవలేకపోయాను. మీరు కానివ్వండి."

టిరెల్ కానిచ్చాడు.

పొగ మధ్యలో జనరల్‌ని నిలబెట్టాడు, ఒక్కణ్ణే. వెనక అవతలి ఒడ్డున నిప్పురవ్వలు. వీపు అటు, మొహం ఇటు, ఎత్తిన చేతిలో టోపీ. నోరు ఎంత తెరవాలో తెలియక టిరెల్ విసిగిపోయాడు. హాక్‌ని పెట్టె మీద నిలబెట్టి అరవమన్నాడు. "ఆగండ్రా!" అని హాక్ అరిచిన అరుపుకి కింద మిసెస్ గడ్జన్ చీపురుకర్రతో కప్పు బాదింది.

"అర్ధరాత్రి ఎవర్రా ఆగమంటున్నది? నేను మంచం మీదే ఉన్నా!"

"ఇంకోసారి," అన్నాడు టిరెల్. "నాలుక కనిపించలేదు."

ఆ నోరు తొమ్మిదిసార్లు గీకి పదోసారికి కుదిరింది. గురువారం తెల్లవార్లూ అదే పని. పళ్ళు, నాలుక, గొంతులో చీకటి అన్నీ కనిపించేలా వేశాడు.

శుక్రవారం పొద్దున బొమ్మని సందులోకి దింపుతుంటే మిస్ లిడ్గేట్ బండి దిగింది. టిరెల్ టోపీ తీసి ఎదురెళ్ళాడు. జరిగిందంతా నాలుగు ముక్కల్లో చెప్పేసి, తిట్లకి సిద్ధంగా తల దించుకున్నాడు. ఆవిడ బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది.

"అరుస్తున్నాడు," అంది ఆవిడ చివరికి. "మా తమ్ముడు ఇలాగే అరిచేవాడు. చిన్నప్పుడు పాలు చల్లారిపోయినా ఇలాగే..." అని, రుమాలు తీసుకుని, "తీసుకెళ్ళండి, ఆలస్యమవుతోంది" అంది.

పంపించారు. టిరెల్ మూడు రోజులు నిద్రపోయాడు. సోమవారం సాయంత్రం తలుపు దబదబా బాదితే లేచాడు. ఎదురుగా ప్రదర్శన హాల్లో పనిచేసే డాకిన్స్, చెమటలు కక్కుతూ.

"ఆ అరిచే మనిషి బొమ్మ మీదేనా దొరా?"

"నాదే. ఏమైంది?"

"ఏమైందా! ఇంటూ కొట్టారు. వీరుడు చస్తున్నట్టు లేదట, జనాన్ని తిడుతున్నట్టుందట."

టిరెల్ గుమ్మానికి జారగిలబడ్డాడు. మూడు పందులు కళ్ళముందు కదిలాయి. నాలుగు సార్లు... నాలుగుసార్లూ అదే సుద్దముక్క. ఏడుపు రాలేదు, విసుగొచ్చింది అంతే, ప్రాణం మీద విసుగు.

"అది చెప్పడానికి ఇంత దూరం పరిగెత్తుకొచ్చావా నాయనా?"

"అది కాదు దొరా, వినండి! ఇంటూ కొట్టినవాటిని మేం గోడకేసి తిప్పి పెడతాం. మీదీ పెట్టాను. రాత్రి దీపంతో వస్తే ఇటు తిరిగి ఉంది. ఎవరో వెధవ వేషాలనుకున్నా. మళ్ళీ తిప్పాను. పొద్దున మళ్ళీ ఇటే! దానికి అడ్డంగా ఓ రాణిగారి బొమ్మ ఆనించాను. రాణిగారు నేల మీద బోర్లా పడుంది, మీవాడు ఇటే చూస్తున్నాడు. కమిటీ పెద్దలు టీ తాగడానికి అటు వెళ్ళాలి. పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి చూడాల్సొస్తోంది. ఇవాళ ఒకాయన కప్పు వదిలేశాడు."

"అయితే?"

"అయితే ఏముంది? విసిగిపోయారు. 'తిరగని బొమ్మని తగిలించి పారెయ్యండి' అన్నారు. మంచి చోట్లన్నీ అయిపోయాయి. బయటికి పోయే గుమ్మం మీద, ఎక్కడో కప్పు దగ్గర ఖాళీ ఉంటే అక్కడ వేలాడదీశాం. నిచ్చెనలు రెండు కట్టాల్సొచ్చింది. ఇంక మీరు దాన్ని తీసుకుపోతానన్నా నేను ఒప్పుకోను. నా వల్ల కాదు!"

టిరెల్ ఏడవలేక నవ్వాడు. బొమ్మ తగిలించారు. ఎవరికీ కనపడని చోట తగిలించారు. బావకి ఏం రాయాలో తెలీలేదు.

ప్రదర్శన తెరిచిన రోజు హాల్లో ఇసకేస్తే రాలని జనం. టిరెల్ వెళ్ళి ఒక మూల నిలబడ్డాడు. లోపలికి వచ్చేవాళ్ళెవరూ అతని బొమ్మ చూడలేదు. ఎలా చూస్తారు, వాళ్ళ వెనక ఉంటే? కానీ కాళ్ళు నొప్పెట్టి, చూసింది చాలనుకుని, బయటికి పోదామని గుమ్మంకేసి తిరిగిన ప్రతివాడికీ పైనించి ఆ మొహం, ఆ ఎత్తిన చెయ్యి, ఆ తెరిచిన నోరు ఎదురయ్యాయి. ఒక లావుపాటి వర్తకుడు గుమ్మం దాకా వెళ్ళి, పైకి చూసి, ఎందుకో తడబడి వెనక్కొచ్చాడు. ఇద్దరు కుర్ర లెఫ్టినెంట్లు నవ్వుకుంటూ వెళ్తూ ఆగిపోయి టోపీలు తీశారు. సాయంత్రానికి గుమ్మం దగ్గర బయటికి పోలేని జనం గుంపు కట్టారు. "ఎవరు వేశారిది?" అన్న మాట టిరెల్ చెవిన నాలుగైదు సార్లు పడింది.

మూసే వేళకి గంట కొట్టారు. కొవ్వొత్తులు ఒక్కొక్కటే ఆర్పుతున్నారు. జనం మెల్లిగా తలలు దించుకుని కదిలిపోయారు. సగం చీకట్లో గుమ్మానికి ఎదురుగా ఒక్కడు మిగిలాడు. హాక్. పాత పటాలం కోటు ఉతికి తొడుక్కున్నాడు. మడమలు కలిపి, చేతులు పక్కలకి ఆనించి, తలెత్తి నిలబడ్డాడు. పొద్దున తెరిచినప్పటి నించీ అలాగే ఉన్నాడట.

"తాతా, మూసేస్తున్నాం. బయటికి నడు," అన్నాడు డాకిన్స్.

హాక్ కదల్లేదు.

"నీకే చెప్పేది! వెళ్ళు."

"వెళ్ళను."

"ఏంటీ?"

"ఈసారి వెళ్ళను," అన్నాడు హాక్. గొంతు చిన్నదే. హాలంతా వినిపించింది.

డాకిన్స్ నెత్తి కొట్టుకుని టిరెల్‌కేసి తిరిగాడు. "చూడండి దొరా, మీ బొమ్మ వెనక్కి తిరగదు, మీ మనిషి ముందుకి కదలడు! కాస్త మీరైనా చెప్పండి."

టిరెల్ చెప్పబోయాడు. హాక్ కళ్ళు ఎటున్నాయా అని తనూ తలెత్తి చూశాడు. ఇంకా ఆర్పని రెండు కొవ్వొత్తుల వెలుగు బొమ్మ దాకా అందుతోంది. పొగ ఉంది. ఎత్తిన చెయ్యి ఉంది.

నోరు మూసుకుని ఉంది.

ముందు కోపమే వచ్చిందట అతనికి. అబ్బా, మళ్ళీ నా బొమ్మ మీద ఎవరో చెయ్యి పెట్టారు, తొమ్మిదిసార్లు గీకి వేసిన నోరు! తర్వాత నిచ్చెనల సంగతి గుర్తొచ్చింది. పొద్దున్నించీ ఆ గుమ్మం కింద వందలమంది ఉన్న సంగతీ గుర్తొచ్చింది. హాక్ పక్కకి వెళ్ళి నిలబడ్డాడు.

"హాక్..." అన్నాడు గుసగుసగా. "పొద్దున నువ్వొచ్చినప్పుడు ఆ నోరు..."

"ఇందాకటి దాకా తెరిచే ఉంది దొరా," అన్నాడు హాక్, కళ్ళు తిప్పకుండానే. "నేను వెళ్ళనన్నాక మూశాడు."